క్రిమి తొడుగు, జన్యువుల పేర్లు

న్యుమోనియా తెచ్చే బాక్టీరియాల్లో ముఖ్యమైనది న్యుమోకాకస్. దాని ఒంటిచుట్టూ చక్కెర గొలుసులతో ఏర్పడిన తొడుగు ఉంటుంది. అదే క్యాప్సూల్. ఆ తొడుగు ఉన్నంతకాలం మన తెల్లరక్తకణాలు దాన్ని సులువుగా మింగలేవు.

1928లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ ఒక వింత గమనించాడు. చచ్చిన తొడుగు క్రిములను, బతికున్న తొడుగులేని క్రిములను కలిపి ఎలుకలకు ఎక్కిస్తే ఎలుకలు చనిపోయాయి. వాటి రక్తంలో తొడుగున్న క్రిములు సజీవంగా కనిపించాయి! ఆ గుణాన్ని మోసుకొచ్చింది డీఎన్‌ఏ అని 1944లో ఏవరీ బృందం తేల్చింది. జన్యుశాస్త్రం ఈ తొడుగుకు ఎంతో రుణపడి ఉంది.

న్యుమోకాకస్ తొడుగుల్లో వందకు పైగా రకాలున్నాయి. దాదాపు అన్నిటిలోనూ తొడుగు జన్యువులు డెక్స్‌-బి, అలి-ఎ అనే రెండు జన్యువుల నడుమ బారులు తీరి ఉంటాయి. 37వ రకం మాత్రం వేరు. దాని అసలు జన్యువు మరోచోట ఉంటుంది.

మొదట్లో ఈ తొడుగు జన్యువులకు సీపీఎస్-ఎ, సీపీఎస్-బి అని వరుసక్రమంలో పేర్లు పెట్టారు. దాంతో ఒకే అక్షరం ఒక రకంలో ఒక పనికి, మరో రకంలో ఇంకో పనికి గుర్తయింది. 1996లో పీటర్ రీవ్స్, సహశాస్త్రవేత్తలు పనిని బట్టి పేరు పెట్టే పద్ధతి ప్రతిపాదించారు. చక్కెర ముక్కలను పొర దాటించే జన్యువు ఏ క్రిమిలో ఉన్నా డబ్ల్యూ-జడ్-ఎక్స్. వాటిని గొలుసుగా కలిపేది డబ్ల్యూ-జడ్-వై. ఎంత మేలైన ఏర్పాటో!

టీకాలు గురిపెట్టేది ఈ చక్కెరలనే. హైదరాబాద్‌లోని బయోలాజికల్ ఇ సంస్థ టీకాలో 14 రకాలున్నాయి. అయితే న్యుమోకాకస్ ఈ జన్యువుల బారును మరో క్రిమి నుంచి అందుకుని తొడుగు మార్చేయగలదు. అందుకే టీకాలు వేశాక కూడా ఏ రకాలు తిరుగుతున్నాయో ప్రయోగశాలలు కనిపెడుతూనే ఉండాలి.