నురగ కక్కే బిడ్డ



నేను పసిపిల్లల సర్జన్‌ని. ఏ సభకు వెళ్లినా చిన్న రంధ్రాల ఆపరేషన్ గురించే చెప్పమంటారు. చెబుతాను గానీ, ఈ రోజు అనకాపల్లిలో నర్సింగ్ పట్టాలు అందుకుంటున్న మీతో అనాల్సిన అసలు మాట వేరే ఉంది.

సుమారు 3 నుంచి 4 వేల కాన్పుల్లో ఒక బిడ్డ ఆహారనాళం మధ్యలో తెగి పుడుతుంది. పై ముక్క దారి లేకుండా మూసుకుపోతుంది. కింది ముక్క చాలామందిలో శ్వాసనాళానికి అతుక్కుని ఉంటుంది, పెన్సిలంత లావు కూడా ఉండదు. ఆ రెండు ముక్కల్నీ నేరుగా కలిపి కుట్టి బిడ్డను మొదటిసారి బతికించింది 1941లో, అమెరికాలో, కామెరాన్ హైట్. 2000లో స్టీవెన్ రోథెన్‌బర్గ్ అదే పనిని ఛాతీ తెరవకుండా, చిన్న రంధ్రాల గుండా, కెమెరాతో, సన్నటి పనిముట్లతో చేశాడు. పక్కటెముకలు విడదీసే పని ఉండదు కనుక పెద్దయ్యాక వెన్ను వంకరపోయే భయం తగ్గుతుంది. అలాగని అందరికీ పనికిరాదు. మరీ బరువు తక్కువ బిడ్డకు, గుండె లోపం గట్టిగా ఉన్న బిడ్డకు ఛాతీ తెరవడమే మేలు. తెరిచి చేసేవాళ్లను పాతకాలం సర్జన్లంటూ తీసిపారేయడం నాకు నచ్చదు.

ఏ పద్ధతైనా, బిడ్డ మా టేబుల్ మీదికి వచ్చేసరికే ఊపిరితిత్తుల్లో పాలు నిండి ఉంటే మా పనితనం సగం వృథా. "దగ్గింది, నీలంగా అయింది, కాసేపాగి మళ్లీ పట్టాం" అంటారు బిడ్డను తెచ్చినవాళ్లు. ఇంట్లో పెద్దావిడ గొంతు తడపాలంటూ తేనె చుక్కో, బెల్లం నీళ్లో పట్టి ఉంటుంది. బెల్లం ఊళ్లో నిలబడి బెల్లం నీళ్లు వద్దనడం కష్టమే, అయినా అంటున్నాను.

తల్లి స్కానింగ్‌లో ఉమ్మనీరు ఎక్కువని రాసి ఉంటే ముందే అనుమానించండి. తుడిచినకొద్దీ నోట్లో నురగ వస్తుంటే, 10 నంబరు గట్టి గొట్టం నోటి గుండా మెల్లగా దించి చూడండి. సుమారు 10 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతే జబ్బు దాదాపు తేలినట్టే. మెత్తటి గొట్టం వాడకండి, లోపలే చుట్ట చుట్టుకుని కడుపులోకి దిగినట్టు మోసం చేస్తుంది. ఆపైన తల ఎత్తి పడుకోబెట్టి, వెచ్చగా ఉంచి, దారి పొడవునా ఉమ్మి లాగుతూ విశాఖ కేజీహెచ్‌కి పంపండి.

డాక్టరుగారు లేని రాత్రి డ్యూటీలో ఇలాంటి బిడ్డ పుడితే, పాలు ఆపించడానికి ఎవరి అనుమతి కోసమూ ఆగకండి. గొట్టం వేసి చూసి, వెంటనే ఫోన్ చేయండి.