సాచాలి గానీ గుంజకూడదు



చెనక్కాయ చేలో కలుపు తీసి లేచే అక్కను చూడండి. ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకో చెయ్యి నడుము మీద. చెరుకు కొట్టేవాళ్లు, గొంతుక్కూర్చుని పాలు పితికేవాళ్లు లేచేదీ అట్లాగే. ‘కీళ్లు అరిగిపోయినాయి, ఇంక కదపకూడదు’ అని చాలామంది మంచం పట్టుకుంటారు. ఆ మాట తప్పని చెప్పడానికే వచ్చాను.

మూడు నెలలు దాటినా పోని నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటాం. నొప్పి పుడితే ఆ చోటును కదపం. కదపకపోతే కండ బిగుసుకుంటుంది, బిగుసుకుంటే నొప్పి పెరుగుతుంది. కీలులోని మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు. కదిలినప్పుడే కీలులోని ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. మంచంలో ఉంచితే కీలును కాపాడినట్టు కాదు, పస్తు పెట్టినట్టు.

2020లో ప్రపంచంలో దాదాపు 61.9 కోట్ల మంది నడుమునొప్పితో ఉన్నారు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుమునొప్పికి వ్యాయామాన్ని సిఫారసు చేసింది. నడుముకు బెల్టు కట్టడాన్ని మామూలు చికిత్సగా వద్దంది.

వ్యాయామంలో ఒకటి ఒళ్లు సాచడం. అది ఎట్లా చేయాలి? చల్లటి ఒంటితో మొదలుపెట్టొద్దు. అయిదు నిమిషాలు నడవండి, లేదా వేణ్ణీళ్లు పోసుకున్నాక చేయండి. గోడకు రెండు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు అదిమి పెడితే పిక్క సాగుతుంది. కుర్చీ అంచున కూర్చుని, ఒక కాలు చాపి, వీపు నిటారుగా ఉంచి ముందుకు వంగితే తొడ వెనక కండ సాగుతుంది. వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలినీ రొమ్ముకు దగ్గరగా తెచ్చుకుంటే నడుముకు హాయి. ఒక్కోటి 20 నుంచి 30 సెకన్లు, రెండు మూడు సార్లు. ఊపిరి బిగబట్టొద్దు. కుదుపులు వద్దు.

హద్దు ఎక్కడంటే, సాగుతున్నట్టు తెలియాలి, పోటు రాకూడదు. మర్నాటికి నొప్పి ఎక్కువైతే అంతకంటే తక్కువ చేయండి, మానేయకండి. సాచడం ఒక్కటే చాలదు, కండకు బలమూ కావాలి. రోజూ నడవండి. కుర్చీలోంచి మెల్లగా లేచి కూర్చోవడం పదిసార్లు చేయండి.

లేచి కూర్చోవడం అనగానే గుంజీలు గుర్తొస్తాయి. కాణిపాకం మన ఐరాల మండలంలోనే ఉంది. వరసిద్ధి వినాయకుడి ముందు గుంజీలు తీయడం మనకు అలవాటు. మోకాళ్లు బాగుంటే తీయండి. నొప్పి ఉన్నవాళ్లు వంగగలిగినంతే వంగండి. చెవులు పట్టుకుని తల వంచినా ఆ స్వామికి అందుతుంది.

కీలు వాచి ఎర్రబడి వేడిగా ఉన్నా, జ్వరం ఉన్నా, పొద్దున బిగువు గంట దాటినా, కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా ముందు డాక్టరుకు చూపించండి. ఒంటికో రెంటికో పట్టు తప్పితే ఒక్కరోజు కూడా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి పోవాలి.

రేపు చేలో గంటకోసారి గట్టెక్కి నిలబడండి. రెండు చేతులూ నడుము మీద పెట్టి మెల్లగా వెనక్కి వాలండి. అరనిమిషం పని. మీ ఒంటి కోసం ఆ అరనిమిషం అడుగుతున్నాను. రండి, అందరం లేచి ఇప్పుడే ఒకసారి చేద్దాం.