యంత్రమునకు చూపు నేర్పిన కనాడేగారు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గ్రామ లెక్కల గుమాస్తా చేసిన ప్రసంగము)



చూచుట వేఱు, ఆనవాలు పట్టుట వేఱు. శకుంతల యెదుట నిలిచియుండగా దుష్యంతుడు ఆమెను పోల్చుకొనలేకపోయెను. తుదకు ఉంగరము సాక్ష్యము పలుకవలసివచ్చెను. మనుజునకే యింత కష్టమైన పనిని యంత్రమునకు నేర్పబూనిన పండితులు తకియో కనాడేగారు. వారు 1945లో జపానుదేశమున జన్మించిరి.

కంప్యూటరునకు ముఖమనగా వెలుగునీడలను తెలుపు అంకెల పట్టికయే. మన అడంగలు పుస్తకమువలె అన్నియు గడులు. ఆ అంకెలలో కన్నులు, ముక్కు, నోరు, గడ్డము వెదకి, వాని నడిమి దూరములు కొలిచి, మనిషిని ఆనవాలు పట్టు విధమును వారు 1973లో క్యోటో విశ్వవిద్యాలయ సిద్ధాంతవ్యాసమున వివరించిరి. పరీక్షలో 20 మందికిగాను 15 మందిని యంత్రము సరిగా పట్టెను. వచ్చిన లెక్కను వచ్చినట్లే వ్రాసిరి. లెక్కలు వ్రాసి బ్రదుకు నాకు, తప్పిన ఆ 5గురే మనసున నిలిచిపోయిరి.

1979లో అమెరికాలో, పిట్స్‌బర్గు నగరమందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున రోబోటిక్స్ సంస్థ వెలసెను. దాని తొలి సంచాలకులు మన చిత్తూరు సీమ కాటూరు గ్రామమున బుట్టిన రాజ్ రెడ్డిగారు. 1980లో కనాడేగారు అచ్చట చేరిరి. ఒక చిత్రములోని గుర్తు తరువాతి చిత్రమున ఎంత జరిగినదో లెక్కించు మార్గమును 1981లో బ్రూస్ లూకాస్‌గారితో కలిసి ప్రకటించిరి. కదలికను కనిపెట్టుటకు నేటికిని ఆ పద్ధతి వాడుకలో నున్నది. చిత్రమున ముఖములెచ్చట నున్నవో కనుగొను విధమును 1998లో రౌలీ, బలూజా గారలతో కలిసి వెలువరించిరి. 2016లో వారికి క్యోటో బహుమానము లభించెను.

ఈ దూరదేశపు సంగతి మనకేల యందురా? మొన్న ఒక అవ్వ ముఖమును యంత్రము పట్టలేదు. ఆమె పింఛను ఆనాటికి నిలిచిపోయెను. "నేను నేనే గదా, నాయనా!" యని ఆమె నావైపు చూచెను. నలుబది యేండ్లుగా ఆమె నెఱిగినవాడను. ఔనని చెప్పితిని. నా మాట వ్రాయుటకు అందులో గడి లేదు.

యంత్రమును నిందింపను. దానిని వాడువారు, తప్పిన 5గురికిని పుటలో చోటుంచవలెనని మాత్రము వేడెదను. ఆ గడిని చేర్పగలవారు మన పిల్లలలోనుండియు రావలెను. అందులకై ఈ గ్రంథాలయమున గణితశాస్త్ర గ్రంథములకు ఒక బీరువా యేర్పఱుపుడని ప్రార్థించుచు, తొలి చందాగా నా ఒక నెల జీతము సమర్పించుచున్నాను.