1978 నాటి సెయిల్ బోటు కొన్నా: ముందు దేనికి ఖర్చు పెట్టాలి?

పోయిన ఎపిసోడ్‌లో బోటు కొన్నాను అని చెప్పగానే అందరూ అడిగింది ఒకటే: "అన్నా, ఎంత పడింది?" చెప్తాను. 1978లో తయారైన కాటలినా 27. ధర 6,500 డాలర్లు. ఇక్కడ శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఆ డబ్బుకి ఒక మంచి సెకండ్ హ్యాండ్ కారు కూడా రాదు. కానీ ముందుంది ముసళ్ళ పండగ. ఈ రోజు ఎపిసోడ్ ఆ పండగ గురించే.

అసలు పాత బోటే ఎందుకు? ఫైబర్‌గ్లాస్ చెక్కలా కుళ్ళదు, ఇనుములా తుప్పు పట్టదు. కాటలినా 27ని 1971 నుంచి సుమారు 20 ఏళ్లు తయారు చేశారు. ఆరు వేలకు పైగా బోట్లు వచ్చాయి. అంటే మనకి వచ్చే ప్రతి సమస్యా ఇంతకుముందు ఎవరికో ఒకరికి వచ్చే ఉంటుంది. పాతవి అని చులకన చేయకండి. గోల్డెన్ గ్లోబ్ రేసులో 1988కి ముందు డిజైన్ చేసిన బోట్లకే ఎంట్రీ. మన ఇండియన్ నేవీ మాజీ అధికారి అభిలాష్ టోమీ 2022 రేసులో రెండో స్థానం సాధించింది అలాంటి రస్ట్‌లర్ 36 మీదే. మాది ఆ క్లాసు కాదు లెండి. మహాసముద్రాలు దాటేది కాదు, బేలో, తీరం దగ్గర తిరిగేది.

కోడ్ రివ్యూ లేకుండా మెర్జ్ చేయం కదా, బోటు కూడా అంతే. సర్వేయర్‌ని పెట్టాం. ఆయన చిన్న సుత్తితో డెక్ అంతా కొట్టుకుంటూ వెళ్లారు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం, అలాగన్నమాట. డెక్‌లో రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య చెక్క ఉంటుంది. బోల్టుల రంధ్రాల్లోంచి నీళ్ళు దిగితే అది నాని కుళ్ళిపోతుంది, శబ్దం మొద్దుగా వస్తుంది. మాకు మాస్ట్ దగ్గర రెండు చోట్ల అలా వచ్చింది. ఆ రిపోర్టు చూపించే 8,000 చెప్పిన ధరని 6,500కి దించాం.

ఇంకోటి, "కాటలినా స్మైల్". బోటు కింద దాదాపు 1,200 కిలోల సీసం కీల్ బోల్టులతో వేలాడుతూ ఉంటుంది. అతుకు వదులైతే ముందువైపు నవ్వు ఆకారంలో పగులు వస్తుంది. పేరు ముద్దుగా ఉంది గానీ, బోల్టులు తుప్పు పట్టి ఉంటే నవ్వులాట కాదు. మాకు సన్నటి పగులు ఉంది. అందుకే బోటుని బయటికి తీసి, బోల్టులు చూసి, అతుకు మళ్ళీ వేయిస్తున్నాం.

ఇప్పుడు అప్‌గ్రేడ్ ప్లాన్. మా రూల్ సింపుల్: నీళ్ళు లోపలికి రాకూడదు, మాస్ట్ కూలకూడదు, నిప్పు అంటుకోకూడదు. సోకులన్నీ ఆ తర్వాతే.

నీళ్ళు: బోటు అడుగున ఉన్న రంధ్రాలకి పాత గేట్ వాల్వులు ఉన్నాయి. అవి నిజంగా మూసుకున్నాయో లేదో పైనుంచి తెలీదు. వాటి బదులు కంచు సీకాక్‌లు.

మాస్ట్: దాన్ని నిలబెట్టే స్టీల్ తీగలు సాధారణంగా 10 నుంచి 15 ఏళ్లకి మారుస్తారు. ఇక్కడ ఎప్పుడు మార్చారో రికార్డే లేదు. పైకి మెరుస్తున్నా, చివర్లలో లోపల తెగి ఉండొచ్చు. మొత్తం కొత్తవే.

నిప్పు: ఇంజన్ పెట్రోల్ది, అటామిక్ 4. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగున పేరుకుంటుంది. అందుకే స్టార్ట్ చేసే ముందు నాలుగు నిమిషాలు బ్లోయర్ వేయాలి. ఇంధన పైపులు, పాత వైరింగ్ మారుస్తున్నాం.

"లిథియం బ్యాటరీ పెట్టు అన్నా" అంటున్నారు. నాకూ ఆశే. కానీ పాత ఆల్టర్నేటర్‌కి లిథియం నేరుగా తగిలిస్తే అది ఫుల్ లోడ్ మీద ఆగకుండా లాగుతుంది, ఆల్టర్నేటర్ కాలిపోవచ్చు. దానికి వేరే చార్జర్, వేరే ఖర్చు. సోలార్, ఆటోపైలట్, లిథియం మూడూ వచ్చే ఏడాదికే.

లెక్క చూద్దాం. కీల్ 1,800, సీకాక్‌లు 900, తీగలు 2,500, ఇంధనం, వైరింగ్ 700. మొత్తం 5,900 డాలర్లు. చాలా పని మేమే చేసుకుంటే ఇంత. కొసరు అసలుతో పోటీ పడుతోంది చూశారా? మరీనా అద్దె ఇందులో లేదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, జులైలో నాన్న కాకినాడ నుంచి వస్తున్నారు. "మీ పడవ ఎక్కుతా రా" అని ఇప్పుడే అంటున్నారు. ఆయనకి ఈత రాదు. ఎండాకాలం మధ్యాహ్నం ఈ బేలో గాలి 20, 25 నాట్లు మామూలే. నీళ్ళు ఎండాకాలంలోనూ ఐస్ లాగే ఉంటాయి. అందుకే మా ఆవిడా నేనూ ఒక మాట అనుకున్నాం: ఈ లిస్టులో ఒక్క పని పెండింగ్ ఉన్నా నాన్నతో తాడు విప్పేది లేదు. అప్పుడు మరీనాలోనే కట్టేసిన బోటులో కూర్చుని టీ తాగుతాం. పని పూర్తయితే లైఫ్ జాకెట్ వేసి, గాలి తక్కువుండే ఉదయం పూట తీసుకెళ్తాం.

మీరు పాత బైక్ కొన్నా, పాత ఇల్లు కొన్నా ఇదే లెక్క. ముందు ప్రాణం కాపాడేవి, తర్వాత ఫోటోలో బాగుండేవి. వచ్చే ఎపిసోడ్‌లో మాస్ట్ దించుతున్నాం, దగ్గర్నుంచి చూపిస్తా. ఉంటాను, బై!