తెర మీద మన పాడె ఎవరు మోస్తున్నారు?

(అంబేద్కర్ జయంతి సందర్భంగా జరిగిన వాడ యువకుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సభకు పిలిచిన తమ్ముళ్ళు మమ్మల్ని భూమి సమస్య మీద మాట్లాడమన్నారు. మేము సినిమా గురించి మాట్లాడతామన్నాం. వాళ్ళ ముఖాలు చిన్నబోయినయ్. "అదేంది మాస్టారూ, మన పిల్లకాయలు పొద్దస్తమానం ఫోన్లో చూసేది అదేగా! మళ్ళీ మైకు పెట్టి సినిమా చెప్పాలా?" అన్నాడు ఒక తమ్ముడు. అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. దానికి జవాబు చెప్పకుండా ఈ స్టేజీ దిగం.

మా వాడలో ఒక పిల్లవాడున్నాడు. ఇప్పుడు పిల్లవాడేం కాదు, ఇరవై ఏడేళ్ళు. ఆరు నుంచి పది దాకా మా దగ్గరే చదివాడు. పేరు చెప్పం. చెబితే వాడికి దొరికే కాస్త పని కూడా దొరక్కుండా పోతుంది. సినిమాలకు కథలు రాయాలని ఏడేళ్ళ కిందట హైదరాబాదు పోయాడు. "హీరో అవుదామని పోయాడా?" అని ఊళ్ళో అందరూ అడిగేవాళ్ళే. కాదు, రాద్దామని పోయాడంటే ఎవరూ నమ్మలేదు. మన వాడ నుంచి పోయినవాడు సెట్టులో బల్లలు మోస్తాడు, లైట్లు పట్టుకుంటాడు, గుంపులో నిలబడతాడు, మహా అయితే డప్పు పట్టుకుని పాటలో ఎగురుతాడు. కలం పట్టుకుని కూచుంటానంటే నవ్వులాటగా ఉంది అందరికీ.

నవ్విన వాళ్ళలో మేమూ ఉన్నాం. ఆ సంగతి ముందు ఒప్పుకోవాలి. తొమ్మిదో తరగతిలో వాడి లెక్కల నోటుపుస్తకం వెనక నుంచి తిరగేస్తే అంతా సినిమా. 'పగలు, కాలవ గట్టు' అని ఒకచోట, 'రాత్రి, చర్చి ముందు' అని ఇంకోచోట రాసి, కింద ఎవరెవరు ఏం మాట్లాడుకుంటున్నారో రాసుకున్నాడు. మేము ఆ పుస్తకం గుంజుకుని నలుగురిలో చదివి వెక్కిరించాం. మా ఇళ్ళల్లో మొట్టమొదట డిగ్రీ పట్టా చేతబట్టిన తరం మాది. మా అయ్యలు వేలిముద్ర వేసినవాళ్ళు. చదువంటే ఉద్యోగం, ఉద్యోగమంటే కూడు, దానికి అడ్డమొచ్చేదంతా చెడిపోవడం. అట్టా నేర్చుకున్నాం, అట్టాగే నేర్పాం. ఆ నోటుపుస్తకం గుర్తొస్తే ఈ రోజుకీ సిగ్గేస్తుంది.

అసలు మేము సినిమా చూడకుండా పెరిగామా? టూరింగ్ టాకీసు డేరా వేస్తే నేల టిక్కెట్టు కొనుక్కుని, ఇసుక కుప్ప చేసుకుని దాని మీద కూచుని చూశాం. బెంచీలూ కుర్చీలూ ఊరివాళ్ళవి. చీకట్లో కులం కనపడదంటారు గానీ టిక్కెట్టులో కనపడుద్ది. తర్వాత వీసీఆర్లు వచ్చినయ్. క్రిస్మస్‌కి ఇంటికి ఐదు రూపాయలు చందా వేసుకుని, కలర్ టీవీ, వీసీఆరు రిక్షా మీద తెచ్చి, చర్చి ముందు తెల్లార్లూ మూడు సినిమాలు. తెల్లారి పనికి పోయిన అమ్మలు మిరప సాళ్ళల్లో కునికిపాట్లు పడేవాళ్ళు. ఆ మూడు సినిమాల్లో మన వాడ ఒక్కదాంట్లో కనపడితే గొప్ప. కనపడినా ఏముంటది? హీరో వచ్చి మన గుడిసెలో ఒక ముద్ద తింటాడు. మనం కళ్ళు తుడుచుకోవాలి.

సరే, వాడి రోజు ఎట్టా గడుస్తదో చెబుతాం వినండి. కిందటేడు మేము పోయి రెండు రోజులుండి చూసొచ్చాం. యూసుఫ్‌గూడ పక్కన కృష్ణానగర్. తెలుగు సినిమా మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలి వచ్చాక పెద్ద స్టూడియోలు బంజారాహిల్స్, ఫిలింనగర్ గుట్టల మీద వెలిసినయ్. ఆ స్టూడియోలకు చాకిరీ చేసే జనం ఈ పల్లంలో ఉంటారు. జూనియర్ ఆర్టిస్టులు, డ్రైవర్లు, మేకప్పు వాళ్ళు, కథలు చంకన పెట్టుకుని తిరిగేవాళ్ళు. గుట్ట మీద ఊరు, పల్లంలో వాడ. రాజధానికి పోయినా లెక్క మారలేదు.

నలుగురికి ఒక గది. మావాడు పొద్దున ఐదింటికి లేచి పెళ్ళిళ్ళ కేటరింగుకు వడ్డనకు పోతాడు. ముహూర్తాలు లేని నెలల్లో సామాన్ల డెలివరీ. మధ్యాహ్నం వచ్చి రెండు గంటలు పడుకుంటాడు. సాయంత్రం టీకొట్టు దగ్గర నిలబడతాడు. ఒక టీ ఇద్దరు పంచుకుని గంట నిలబడాలి, ఎందుకంటే ఏ ఆఫీసులో కొత్త సినిమా మొదలవుతుందో, ఎవరికి అసిస్టెంటు కావాలో అక్కడే తెలుస్తది. రాత్రి పది దాటాక రాయడం.

దేని మీద రాస్తాడు? ఫోను మీద. అద్దం పగిలితే టేపు అంటించిన ఫోను. రెండు బొటనవేళ్ళతో నూట పన్నెండు పేజీలు కొట్టాడు. నోటితో చెబితే ఫోనే తెలుగు అక్షరాలు వేసుకుంటుందట, బస్సులో నిలబడి అట్టా కూడా రాస్తాడు. "కానీ మాస్టారూ, నేను పాడె అంటే అది పాడే అని రాసుద్ది. అట్టా అంటే అలా అని దిద్దుద్ది. ఫోనుకి కూడా మన మాట రాదు" అని నవ్వాడు. వాళ్ళమ్మ చెవి కమ్మలు కుదువబెట్టి పద్నాలుగు వేలు పంపితే పాత ల్యాప్‌టాపు ఒకటి కొన్నాడు. దాని బ్యాటరీ చచ్చిపోయింది. ప్లగ్గులో ఉంటేనే వెలుగుద్ది, కరెంటు పోతే రాసింది పోతది. అందుకని ముందు ఫోన్లో రాసి, తర్వాత దాంట్లోకి ఎక్కిస్తాడు.

ఇవన్నీ షోకులని మన పెద్దలంటారు. కోతకు పోయేవాడి చేతిలో కొడవలి షోకా? 2020 మార్చిలో బడులు మూతపడి, ఫోన్లో పాఠాలు వినమన్నప్పుడు మా వాడలో మూడిళ్ళకు ఒక మంచి ఫోను లేదు. అప్పుడు ఇంటికొచ్చిన మావాడు తన ఫోను పొద్దున పూట పదో తరగతి పిల్లలకిచ్చి, రాత్రిళ్ళు తను రాసుకున్నాడు. ఆ ఫోను దగ్గర ఐదుగురు ఆడపిల్లలు తలలు ఆనించుకుని కూచోవడం మేము చూశాం.

స్క్రీన్ ప్లే అంటే ఏందిరా అని అడిగితే వాడు మాకు పాఠం చెప్పాడు. గురువులం మేము కూచున్నాం, శిష్యుడు చెప్పాడు. తెర మీద కనపడేదీ, చెవికి వినపడేదీ మాత్రమే రాయాలట. 'అతను అవమానంతో కుమిలిపోయాడు' అని రాయకూడదు, కుమిలిపోవడం కెమెరాకి కనపడదు. హోటల్లో టీ తాగి, తన గ్లాసు తనే కడిగి, చూరులో పెట్టి పోయాడు అని రాయాలి. ఒక పేజీ అంటే తెర మీద సుమారు ఒక నిమిషం. మేము అప్పుడు అన్నాం: ఇది మనకు కొత్త విద్య కాదురా. డక్కలి వాళ్ళు పటం విప్పి, ఒక్కో బొమ్మా చూపిస్తూ జాంబపురాణం చెప్పేవాళ్ళు. చిందు వాళ్ళు రాత్రంతా ఆడేవాళ్ళు. బొమ్మతో కథ చెప్పడం మన జాతుల చేతుల్లో ఉన్న విద్యే. కెమెరా వచ్చాక ఆ విద్య మన చేతుల్లోంచి జారిపోయింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. మావాడు రాసిన కథ మా ఊరి శ్మశానం దారి. మన శవాలకు దారి లేదు. కాలవ దాటాలి, మోకాళ్ళ దాకా ఒక నెల, నడుముల దాకా ఒక నెల. వాడు పన్నెండేళ్ళప్పుడు వాళ్ళ తాత పాడె ఆ నీళ్ళల్లో మోశారు. ఆ కథ ఒక ఆఫీసులో చెప్పాడు. మూడుసార్లు సిట్టింగులకు పిలిచారు, టిఫిను పెట్టారు, బాగుందన్నారు, ఎవరెవరో ఫోన్లో రికార్డు చేసుకున్నారు. తర్వాత ఫోనెత్తలేదు. ఏడాదిన్నర తర్వాత సినిమా వచ్చింది. కాలవ ఉంది, నడుముల్లోతు నీళ్ళున్నయ్, పాడె ఉంది. ఆ పాడె పడిపోబోతుంటే దూకి భుజం పట్టేది మాత్రం ఊరి పెద్ద కొడుకు! దారికి తన పొలం రాసిచ్చేది వాడే! మన వాళ్ళంతా ఒడ్డున నిలబడి దణ్ణాలు పెడతారు. రచయితల పేర్లలో మావాడి పేరు లేదు.

అన్నలారా, పేరు పోయినందుకు వాడు ఏడవలేదు. "మా తాతను వాళ్ళు మోసినట్టు చూపించారు మాస్టారూ" అని ఏడ్చాడు.

ఇది ఈ రోజు మొదలైంది కాదు. 1938లో 'మాలపిల్ల' వచ్చింది. గూడవల్లి రామబ్రహ్మం తీశారు, చలం కథ, తాపీ ధర్మారావు మాటలు. ఆ రోజుల్లో అంత ధైర్యం చేసినవాళ్ళను మేము తక్కువ చెయ్యం. కానీ మాలపిల్ల కథ మాలపల్లెలో పుట్టినవాళ్ళు రాయలేదు. అంతకు ముందే మలయాళ దేశంలో ఏం జరిగింది? మొదటి మలయాళ సినిమా 'విగతకుమారన్'లో నాయిక పి.కె. రోజీ. దళిత స్త్రీ. నాయర్ స్త్రీ వేషం వేసిందని ఆమె మీద పడ్డారు, ఆమె ఊరు విడిచి పారిపోవాల్సి వచ్చింది. మన వేషం వాళ్ళెవరైనా వెయ్యొచ్చు. వాళ్ళ వేషం మనం వేస్తే ఊళ్ళో ఉండనివ్వరు.

మరి మనవాళ్ళు రాస్తే ఎట్టా ఉంటది? మరాఠీలో నాగరాజ్ మంజులే 2013లో 'ఫాండ్రీ' తీశాడు. షోలాపూర్ జిల్లా, వడార్ కులం. ఫాండ్రీ అంటే కైకాడీ భాషలో పంది. బడికి పోయే పిల్లవాడు, వాడి ఇంటిల్లిపాదీ పందిని పట్టాలి, ఊరంతా చుట్టూ చేరి నవ్వుద్ది. సరిగ్గా పంది దొరికేటప్పటికి బళ్ళో జాతీయగీతం మొదలవుతుంది. అందరూ కదలకుండా నిలబడాలి. పంది వెళ్ళిపోతది. తర్వాత ఆ పందిని మోసుకుపోతుంటే వెనక గోడ మీద ఫూలే, సావిత్రీబాయి, అంబేద్కర్ బొమ్మలు. ఒక్క ఉపన్యాసం లేదు. మేము ఇరవై ఏళ్ళుగా ఇస్తున్న ఉపన్యాసాలన్నీ ఆ గోడ ముందు చిన్నబోయినయ్. తమిళంలో పా. రంజిత్ తను సినిమాలు తీసి ఊరుకోలేదు, నిర్మాణ సంస్థ పెట్టి 2018లో మారి సెల్వరాజ్ చేత 'పరియేరుం పెరుమాళ్' తీయించాడు. ఒకడు ఎక్కి నిచ్చెన లాక్కోలేదు. తెలుగులో 2020లో 'పలాస 1978' లాంటివి ఒకటీ అరా వచ్చినయ్. కారంచేడు 1985లో, చుండూరు 1991లో జరిగిన నేల మనది. ఆ లెక్కన మన తెర మీద మన మాట ఎంత తక్కువో మీరే చూసుకోండి.

మావాడు ఫోను అమ్మేసి ఇంటికొచ్చేస్తానన్నాడు. రమ్మన్నాం, కానీ స్క్రిప్టు పట్టుకుని రమ్మన్నాం. ఒక శనివారం రాత్రి చర్చి ముందు చాపలు పరిచి వాడి చేత మొత్తం చదివించాం. నూట ఇరవై మంది దాకా వచ్చారు. మొదట పిల్లకాయలు ఈలలేశారు. పది నిమిషాలకు సద్దు లేదు. కాలవ సీను వచ్చింది. అందులో చనిపోయిన తాత భార్య ఒడ్డున నిలబడి పెద్ద మాటలు చెబుతుంది, ఈ దేశం, ఈ సమాజం అంటూ. వెనక నుంచి ఒక ముసలమ్మ లేచింది. "ఆపరా అబ్బాయ్. మొగుడు నీళ్ళల్లో పోతుంటే ఏ ఆడది ఇట్టా మాట్లాడుద్ది? నేనైతే ఆయన కాళ్ళు తడుస్తున్నయ్, కాస్త పైకెత్తండయ్యా అన్నాను" అంది. ఎవరూ మాట్లాడలేదు. ఆమె మావాడి నాయనమ్మ. ఆ రోజు ఒడ్డున నిలబడింది ఆమే. వాడు అక్కడే పెన్సిలు తీసుకుని పేజీన్నర కొట్టేసి ఆ ఒక్క మాట రాసుకున్నాడు.

కథ పోకుండా ఏం చేయాలో కూడా చెప్పుకోవాలి, ఇక్కడున్న కుర్రాళ్ళలో ఇంకా ఇద్దరు ముగ్గురు రాస్తున్నారని విన్నాం. ఊరికే ఆలోచన మీద ఎవరికీ హక్కుండదు, రాసిన రూపం మీదే హక్కు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే. అంటే నోటితో కథ చెప్పి వచ్చేవాడు తలుపు తీసిపెట్టి పడుకున్నట్టే. ముందు సీనుసీనుగా రాయండి. తేదీ పడేటట్టు మెయిలు చేసుకోండి. రచయితల సంఘంలోనో, ఢిల్లీ కాపీరైటు కార్యాలయంలోనో నమోదు చేయించండి. ఎవరికి ఏ రోజు చెప్పారో డైరీలో రాయండి. ఇంకోటి, 2012లో కాపీరైటు చట్టం సవరించారు. థియేటర్లో ఆడినదానికి కాకుండా టీవీల్లో, మరో రూపంలో వాడుకున్నదానికి రచయితకు రాయల్టీలో వాటా ఉంది. ఆ వాటా వదులుకున్నానని సంతకం పెట్టించుకున్నా చెల్లదు. మన పట్టాల కాగితాలు చదివించుకున్నట్టే ఈ కాగితాలూ చదివించుకోవాలి.

ఇక మొదట ప్రశ్న అడిగిన తమ్ముడికి. భూమి కన్నా సినిమా ముఖ్యమా అన్నావు. మా ఊరి శ్మశానం దారి కోసం పదకొండేళ్ళుగా అర్జీలు పెడుతున్నాం. కిందటి నెల అధికారి ఒకాయన వచ్చి, "అదేదో సినిమాలో చూపించారే, ఊరి పెద్దలే దయతలిచి స్థలం ఇచ్చారు, మీరు కూడా అట్టా మంచిగా అడగరాదూ" అన్నాడు. మేము హక్కు అడుగుతుంటే ఆయన దయ గురించి చెబుతున్నాడు. ఆ మాట ఆయన నోట్లోకి ఎక్కడి నుంచి వచ్చింది తమ్ముడూ? అంబేద్కర్ 1920లో 'మూక్‌నాయక్' పెట్టింది భూములూ బావులూ వదిలేసి కాదు గదా.

మావాడు మళ్ళీ కృష్ణానగర్ పోయాడు. అక్కడ ఒక కొత్త దర్శకుడు స్క్రిప్టు చదివి, అంతా బాగుంది గానీ ఒడ్డున ముసలమ్మకు కాస్త బరువైన డైలాగు రాయమన్నాడట. ఆ మాట మారిస్తే స్క్రిప్టు వెనక్కిచ్చెయ్యండి అని చెప్పి వచ్చానని మొన్న రాత్రి ఫోను చేశాడు. వచ్చే శనివారం ఇంటర్వెల్ తర్వాత భాగం మార్చి రాసింది పంపుతున్నాడు, వాడు లేకపోయినా మేమే చదువుతాం. పక్క వాడల వాళ్ళు కూడా రండి. చాపలు మాత్రం ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి, పోయినసారి చాలలేదు.

జైభీమ్.