శ్వాసయంత్రము నుండి శిశువునకు విడుదల



ఉస్మాన్‌గంజ్ అంగళ్లకు ఇరుగుననే యున్న అఫ్జల్‌గంజ్ పేరు వైద్యచరిత్రలో ఊపిరితో ముడిపడి యున్నది. అక్కడి ఆసుపత్రిని నడపిన ఎడ్వర్డు లారీ చొరవతో, ఆరవ నిజాము ధనసహాయముతో, 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదు క్లోరోఫారం సంఘములు జంతువులపై పరీక్షలు జరిపినవి. మత్తు నిచ్చువాడు నాడిని గాక ఊపిరిని గమనింపవలెనని అవి తేల్చినవి. ఊపిరిని చూడుమనుట మేలైన మాట. కాని క్లోరోఫారము గుండెకు నేరుగా హాని చేయదన్న వాదము నిలువలేదు. దానివలన గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చునని 1911లో లెవీ చూపెను. ఒక్క గుర్తునే నమ్మి తక్కినవానిని విడువరాదన్నది ఇందలి పాఠము.

ఆ పాఠమే నేడు వెంటిలేటరుపై నున్న పసిబిడ్డ పడక చెంత అక్కరకు వచ్చుచున్నది. 1952లో కోపెన్‌హేగెన్ నగరమున పోలియో ప్రబలినపుడు, ఇబ్సెన్ అను వైద్యుని సలహాపై విద్యార్థులు వంతులవారీగా రోగుల గొంతులోని గొట్టము ద్వారా చేతితో గాలి నొత్తి ప్రాణములు నిలిపిరి. మరుసటి యేట, 1953లో, మన నాంపల్లికి చేరువను రెడ్ హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రి తల్లులకు, పిల్లలకు ద్వారములు తెరచెను. నాడు చేతులు చేసిన పనిని నేడు యంత్రము చేయుచున్నది. అయితే దానిని తీయవలసిన వేళ ఏది?

ముందుగా తీసిన, బిడ్డ అలసిపోయి మరల గొట్టము వేయవలసి వచ్చును. ఆలస్యము చేసిన, ఊపిరితిత్తులకు అంటు సోకవచ్చును, గొంతు ఒరయవచ్చును, శ్వాసకండరములు బలహీనపడును. రెండు ప్రక్కలను గొయ్యియే.

కనుక వైద్యులు ప్రతిదినము కొన్ని ప్రశ్నలు వేసికొందురు. యంత్రము పెట్టుటకు కారణమైన జబ్బు తగ్గుముఖము పట్టినదా? ఆక్సిజను అవసరము తగ్గినదా? రక్తపోటు నిలకడగా నున్నదా? మత్తు వీడి బిడ్డ కనులు తెరచుచున్నాడా? దగ్గి కఫమును తెమల్చుకొనగలడా? వీనికి అనుకూలమైన సమాధానము వచ్చినచో, యంత్రసహాయమును మిక్కిలి తగ్గించి, అర్ధగంట మొదలు రెండు గంటల వరకు బిడ్డను తన ఊపిరి తననే తీసికొననిత్తురు. డొక్కలెగురవేసినను, ముక్కుపుటములు అదరినను, చెమట పట్టినను, ఆక్సిజను పడిపోయినను పరీక్ష ఆపి, బిడ్డకు విశ్రాంతి నిచ్చి, మరునాడు మరల చూతురు.

పెద్దలలో ఊపిరివేగమును ఒక్కొక్క శ్వాసలోని గాలి పరిమాణముతో భాగించి చూచు లెక్కను యాంగ్, టోబిన్‌లు 1991లో ప్రచురించిరి. పిల్లలలో ఆ లెక్క అంత నమ్మదగినది కాదు. ఏలయన వయస్సును బట్టి ఊపిరివేగమే మారును. మరియు శిశువు శ్వాసమార్గము మిగుల ఇరుకు. నాలుగు మిల్లీమీటర్ల వ్యాసము గల నాళము చుట్టును ఒక మిల్లీమీటరు వాచినచో, గాలికి అడ్డు సుమారు 16 రెట్లగును. పెద్దవారి ఎనిమిది మిల్లీమీటర్ల నాళములో అంతే వాపు సుమారు మూడు రెట్లే పెంచును. కావుననే ఊపిరితిత్తులు సిద్ధమైనను గొంతు సిద్ధము కాకపోవచ్చును. అట్టి భయము గల పిల్లలకు గొట్టము తీయుటకు కొన్ని గంటల ముందుగనే డెక్సామెథసోన్ ఇయ్యవలెనని 2023 నాటి అంతర్జాతీయ నిపుణుల సూచనలు చెప్పుచున్నవి.

ఈ పరీక్ష వైద్యుని తీరిక కొరకు వేచియుండరాదు. 2021లో వెలువడిన బ్రిటను పరిశోధనలో, 17 ఆసుపత్రులలో, నర్సులును వైద్యులును కలిసి మత్తును సరిచూచుచు సంసిద్ధతను క్రమముగ పరీక్షింపగా యంత్రముపై నుండు కాలము కొన్ని గంటలు తగ్గినది. కొన్ని గంటలే గదా యనవచ్చును. ఇంకొక బిడ్డ ఆ పడక కొరకు ఎదురుచూచుచున్నప్పుడు ఆ గంటల విలువ తెలియును.

అన్నిటను నెగ్గిన పిల్లలలో సైతము కొందరికి మరల గొట్టము వేయవలసి వచ్చును. అది తప్పక వైద్యుని లోపమే యని తల్లిదండ్రులు తలంపరాదు. ఎన్నడును అట్లు జరుగని చోట, పెక్కుమంది పిల్లలను అవసరమునకు మించి యంత్రముపై నుంచుచున్నారేమో యని శంకింపవలసి యుండును. "ఎప్పుడు తీసెదరు?" అని తల్లి అడుగుట సహజము. దానితోపాటు "నేడు పరీక్షించితిరా?" అని అడిగిన, ఆ ప్రశ్న బిడ్డకు మరింత మేలు చేయును.