అడాప్ట్, అడ్యాప్ట్

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



ఆంగ్లములోని రెండు మాటలను గూర్చి నేడు మనవి చేయదలచితిమి. ఒకటి 'అడాప్ట్', రెండవది 'అడ్యాప్ట్'. ఆంగ్ల లిపిలో వాని భేదము ఒక్క అక్షరమే. మన నోట అదియు పోయి రెండును ఒక్కటే యగుచున్నవి.

మొదటిదానికి స్వీకరించుట యని అర్థము. ఎన్నుకొనుట యను అర్థముగల లాటిను ధాతువునుండి అది పుట్టినది. పిల్లలు పరీక్షలలో గుర్తుపెట్టు 'ఆప్షన్' దాని తోబుట్టువే. బిడ్డను దత్తు తీసికొనుటకు ఈ మాటయే. 1949 నవంబరు 26న రాజ్యాంగమును స్వీకరించితిమని మన రాజ్యాంగ ప్రవేశిక చెప్పునదియు ఈ మాటతోనే.

రెండవదానికి తగినట్లు మార్చుకొనుట, అలవాటుపడుట యని అర్థము. ప్లగ్గు సాకెట్టులో ఇమడనపుడు నడుమ పెట్టు 'అడ్యాప్టరు' దీని బిడ్డ. నవలను నాటకముగ మలచినను, దేహము చలికి అలవాటుపడినను ఈ మాటయే చెల్లును.

ఒక్క అక్షరము తప్పిన నేమి యందురేమో! కొంతకాలము క్రిందట మేము తెలుగు ఉపాధ్యాయుని కోరుచు ఒక కార్యాలయమునకు ఆంగ్లమున అర్జీ వ్రాసితిమి. మా పిల్లలు తమిళమునకు చక్కగా అలవాటుపడిరని చెప్పబోయి మొదటి మాటను వ్రాసితిమి. వారు తమిళమునే తమ భాషగా స్వీకరించిరని దానికర్థమైనది. "అట్లయిన తెలుగు ఉపాధ్యాయుడేల?" యని ప్రశ్న వచ్చినది. దిద్ది మరల పంపునంతలో బడి సంవత్సరము సగము గడచినది. తప్పు మాదే. 1956లో ఏడవ సవరణచే చేరిన 350-ఏ అధికరణము, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింప రాష్ట్రములు ప్రయత్నింపవలెనని చెప్పుచున్నది. ఆ వసతిని కోరు అర్జీలోనే మాతృభాషను మేము విడిచినట్లు వ్రాసితిమి.

దత్తు పోయిన బిడ్డకు ఇంటిపేరు మారును. పొరుగూర కాపురముండువానికి మారదు. మన పెద్దలు ఈ నేలపై స్థిరపడి, తమిళమును నేర్చి, ఇరుగుపొరుగులతో కలసిమెలసి బ్రదుకుచు, ఇంట తెలుగును నిలుపుకొనిరి. వారు చేసినది రెండవ మాటకు చెందిన పని.

మా పొరపాటునకు కారణ మొక్కటే. ఆ రెండు మాటలను చెవితో నేర్చితిమి గాని, ఒక్కనాడును తెలుగున చెప్పుకొని చూడలేదు. కావున నేడు ఇంటికేగి మీ పిల్లలను ఈ మాటల అర్థ మడుగుడు. వారికి తోచనిచో ఆప్షనును, అడ్యాప్టరును జ్ఞాపకము చేయుడు. పిదప ఒక్కొక్కదానితో ఒక్కొక్క తెలుగు వాక్యము చెప్పింపుడు. తెలుగున చెప్పగలిగిన బిడ్డ ఆంగ్లమున తప్పడు.